వేరేవాళ్ల ఆఫీసుకి పని మీద వెళ్తున్నారా? మొదటి మెసేజ్ నుంచి బిల్లు చేతికొచ్చేదాకా ఎలా మెలగాలి

"సార్, రేపు పార్టీ ఆఫీసుకి వెళ్లాలి. కాళ్లూ చేతులూ ఆడట్లేదు. లోపలికి వెళ్లాక ముందు ఏం అనాలి?"

వారానికి ఒకరైనా నన్ను ఇది అడుగుతారు. పార్టీ అంటే ఇక్కడ రాజకీయ పార్టీ కాదు, మనతో వ్యాపారం చేసే కంపెనీ లేదా వ్యాపారి. కొందరు డిగ్రీ అయ్యి సేల్స్‌లో చేరిన పిల్లలు. కొందరు గాజువాక ఆటోనగర్‌లో చిన్న షెడ్డు పెట్టుకుని మొదటి ఆర్డరు కోసం తిరుగుతున్నవాళ్లు. నేను విశాఖలో ఒక షిప్పింగ్ ఏజెన్సీలో ఇరవై రెండేళ్లు పనిచేశాను. పోర్టు, కస్టమ్స్, ఫ్యాక్టరీలు, వన్ టౌన్‌లో కొట్లు, రుషికొండ మీద సాఫ్ట్‌వేర్ ఆఫీసులు, అన్నిటి మెట్లూ ఎక్కాను. కొన్నిచోట్ల చీవాట్లూ తిన్నాను. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక తగ్గింది కాబట్టి ఒకేచోట రాసి పెడుతున్నాను.

ఇంగ్లీషు గడగడా మాట్లాడటం, టై కట్టుకోవడం మర్యాద అని చాలామంది భయపడతారు. ఆ రెండూ లేకుండానే నా ఉద్యోగం గడిచింది. నేను చూసుకున్నది ఒక్కటే. నా వల్ల అవతలి మనిషి ఎదురుచూడకూడదు, వెతుక్కోకూడదు, అడిగిందే మళ్లీ అడగాల్సిన అవసరం రాకూడదు. కింద చెప్పినవాటిలో ఏదైనా ఎందుకో అర్థం కాకపోతే ఈ లెక్కన చూసుకోండి.

కావలసినవి

- గుర్తింపు కార్డు, ఒరిజినల్. "ఆధార్ ఫోన్‌లో ఉందండి" అంటే చాలా ఫ్యాక్టరీ గేట్ల దగ్గర కుదరదు.
- రెండు పెన్నులు. ఒకటి మీకు, ఒకటి అవతలివాళ్లు అడిగితే ఇవ్వడానికి.
- జేబులో పట్టే నోట్‌బుక్.
- ఓ పది విజిటింగ్ కార్డులు, మడతలు పడకుండా ఏదైనా డబ్బాలో. పర్సులో పెట్టి, దాని మీద కూర్చుని, వంకరపోయిన కార్డు ఇవ్వకండి.
- కొటేషన్ రెండు కాపీలు, జీఎస్టీ సర్టిఫికెట్ నకలు.
- చేతి రుమాళ్లు రెండు. మన ఊరి ఉక్కలో ఒకటి ఏ మూలకి?
- ఫ్యాక్టరీకి వెళ్తుంటే వేళ్లు కనబడని బూట్లు.

1. ముందు మెసేజ్ పెట్టండి, ఆ తర్వాత ఫోన్

"హాయ్ సార్" అని పెట్టి జవాబు కోసం కూర్చోకండి. ఆయన "చెప్పండి" అనాలి, మీరు పేరు చెప్పాలి, ఆయన "ఏ పని మీద" అనాలి. ఒక్క మెసేజ్‌లో అయ్యేదానికి ఆరు మెసేజ్‌లు అవుతాయి. ఇలా రాయండి:

"నమస్తే అప్పారావు గారు. నా పేరు రమేష్. గాజువాక ఆటోనగర్‌లో మాకు ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. మీ గోడౌన్ షట్టర్ల పని గురించి ఒకసారి కలవాలండి. బుధవారం గానీ గురువారం గానీ 11 తర్వాత ఒక 15 నిమిషాలు వీలవుతుందా? మీ నంబరు మీ స్టోర్స్‌లో సూర్యనారాయణ గారు ఇచ్చారు."

ఎవరు, ఎక్కడి నుంచి, ఏ పని, ఎంతసేపు, నంబరు ఎలా దొరికింది. ఆ చివరిది చాలామంది రాయరు. తెలియని నంబరు నుంచి మెసేజ్ వస్తే ఎవరికైనా ముందు వచ్చే అనుమానం "వీడికి నా నంబరు ఎవరిచ్చారు?" అనే. అయితే సూర్యనారాయణ గారి పేరు వాడే ముందు ఆయన్ని అడగండి. అడక్కుండా వాడి ఇద్దరినీ పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

జవాబు రాకపోతే రెండు పని రోజులు ఆగి ఒక్కసారి ఫోన్ చేయండి. ఎత్తగానే "ఇప్పుడు మాట్లాడొచ్చా అండి?" అనండి. బిజీ అంటే "ఎప్పుడు చేయమంటారు?" అని అడిగి పెట్టేయండి. ఎత్తలేదని వరసగా నాలుగుసార్లు చేయడం, వేరే నంబరు నుంచి చేయడం వద్దు. సోమవారం పొద్దున్న, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు దాకా, రాత్రి ఏడు దాటాక ఫోన్ చేయకపోవడం మంచిది.

ప్రభుత్వ సంస్థలకి వాట్సాప్ చాలదు, ఈ-మెయిల్ పెట్టండి. వాళ్లకి ప్రతిదీ ఫైల్లో కనబడాలి. సబ్జెక్ట్ లైన్‌లో పని పేరు రాయండి. ఒట్టి "రిక్వెస్ట్" అని రాస్తే అది ఎవరి కంటా పడదు.

ఇంకొక సంగతి. పార్టీ నంబరు దొరికింది కదా అని రోజూ పొద్దున్నే పువ్వుల బొమ్మతో గుడ్ మార్నింగ్ పంపకండి. పరిచయం నిలబెట్టుకుంటున్నాం అని మీరు అనుకుంటారు. నెల తిరిగేసరికి ఆయన మీ పేరు మ్యూట్‌లో పెడతారు. తర్వాత అసలు పని మెసేజ్ పంపినా అక్కడే పడి ఉంటుంది.

2. తేదీ ఖాయం చేసే ముందు క్యాలెండర్ చూడండి

ఇది పూర్తిగా విశాఖ సంగతి. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ వస్తుంది. దాదాపు 32 కిలోమీటర్ల దారి. ముందు రోజు నుంచే హనుమంతవాక, అప్పుఘర్, ఎన్‌ఏడీ వైపులన్నీ జనంతో నిండిపోతాయి. ఆ రెండు రోజులూ ఊరి ఆ చివర్నుంచి ఈ చివరికి మీటింగ్ పెట్టుకోకండి. మార్గశిర గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి చుట్టుపక్కల కారు కదలదు, వన్ టౌన్ పనులు ఇంకో రోజు చూసుకోండి. నేవీ విన్యాసాలు, వాటి రిహార్సల్స్ ఉన్నప్పుడు ఆర్కే బీచ్ రోడ్డు మీద ఆశ పెట్టుకోవద్దు.

సంతకాలూ అడ్వాన్సు చెక్కూ ఉన్న మీటింగ్ అయితే రాహుకాలం కూడా చూడండి. శుక్రవారం 10:30 నుంచి 12, సోమవారం 7:30 నుంచి 9, బుధవారం 12 నుంచి 1:30. మీకు నమ్మకం ఉందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. పూర్ణా మార్కెట్ దగ్గర ఒక పెద్దాయన దగ్గరికి శుక్రవారం పదకొండింటికి అగ్రిమెంట్ పట్టుకుని వెళ్లాను. ఆయన టీ ఇప్పించారు, పిల్లల చదువులు అడిగారు, గోడ గడియారం చూశారు, పెన్ను మూత మాత్రం తీయలేదు. 12 దాటి రెండు నిమిషాలయ్యాక "ఇటివ్వండి" అని గబగబా నాలుగు పేజీల మీదా సంతకం పెట్టేశారు. గంట పోయింది. తప్పు నాదే.

3. పేరు సరిగ్గా పట్టుకోండి

నేను ఎక్కువ తప్పులు చేసింది ఇక్కడే. అందుకే కొంచెం ఎక్కువ చెబుతాను.

ఈ-మెయిల్‌లో పేరు చివర ఏది ఉంటే అదే పట్టుకుని "డియర్ మిస్టర్ ఫలానా" అని రాసేస్తారు. మనవాళ్ల పేర్లు ఆ లెక్కన నడవవు. ఒకరి కార్డులో ఇంటిపేరు ముందుంటుంది, ఇంకొకరికి చివర, ఇంకొకరికి ఒట్టి ఇనీషియల్. ఇంటిపేరుతో పిలిస్తే బడిలో హాజరు పిలిచినట్టుంటుంది. "రావు గారూ" అంటే విశాఖలో సగం ఆఫీసు తలెత్తి చూస్తుంది. పెట్టిన పేరు మొత్తం పట్టుకుని "శ్రీనివాసరావు గారు" అనండి. ఏది ఇంటిపేరో అర్థం కాకపోతే రిసెప్షన్‌లో "సార్‌ని అందరూ ఏమని పిలుస్తారండి?" అని అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు.

పేరుకి చివర "గారు" చేర్చాక ముందు "మిస్టర్" అక్కర్లేదు. తెలుగు ఉత్తరంలో "శ్రీ ... గారికి" సరిపోతుంది. ఆడవాళ్ల పేరు ముందు మీకు తెలియకుండా "శ్రీమతి" పెట్టకండి, పేరు పక్కన "గారు" చాలు. ఎదురుగా ఉన్నప్పుడు "మేడమ్". వయసు చూసి "ఆంటీ" అనడం, చిన్నమ్మాయి కనబడితే "ఏమ్మా" అనడం ఆఫీసులో వద్దు.

అటెండర్ దగ్గరా, డ్రైవర్ దగ్గరా, గేటు దగ్గరా కూడా "మీరు". మేనేజర్‌కి వంగి వంగి దండం పెట్టి, టీ తెచ్చిన మనిషిని "ఒరే, నీళ్లు తే" అన్న ఒక సేల్స్ కుర్రాణ్ని చూశాను. అది విన్నాక మేనేజర్ గారి ముఖం మారింది. ఆ టీ తెచ్చినాయన ఆ ఆఫీసులో ఆయనకంటే సీనియర్.

"ఏ ఊరండి మీది?" అని అడగొచ్చు. శ్రీకాకుళమనో విజయనగరమనో తెలిస్తే మాట కలుస్తుంది. కానీ ఇంటిపేరు లాగి, ఊరు లాగి, చివరికి కులం దగ్గరికి చేరే ప్రశ్నలు వేయకండి. అవతలివాళ్లు వేస్తే నవ్వి పని మాట ఎత్తండి.

పోర్టు, స్టీల్ ప్లాంట్, నేవీ, రిఫైనరీ వైపు తెలుగు రాని అధికారులు చాలామంది ఉంటారు. గదిలో ఐదుగురు ఉండి ఒక్కరికి తెలుగు రాకపోయినా, పక్కవాళ్లతో తెలుగులో గుసగుసలు వద్దు. వచ్చిన హిందీ, వచ్చిన ఇంగ్లీషు మాట్లాడండి, తడబడినా పర్వాలేదు. అందరూ తెలుగువాళ్లే అయితే "తెలుగులో చెప్పనా అండి?" అని అడిగి హాయిగా చెప్పుకోండి.

పేరు విషయంలో నా ఘనకార్యం ఒకటి ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన ఏడాదిలోపే, పాత కొటేషన్ మీదే అంకెలు మార్చి కొత్త పార్టీకి ఇచ్చాను. అంకెలు మార్చాను గానీ రెండో పేజీలో పాత పార్టీ పేరు అలాగే ఉండిపోయింది. అదీ వాళ్ల పోటీదారు పేరు. ఆయన కళ్లజోడు పైకి జరిపి, ఆ లైన్ మీద వేలు పెట్టి, కాగితం మడిచి నా వైపు తోశారు. "ఇది మాది కాదు బాబూ. వీళ్లకిచ్చేయండి." కోప్పడలేదు. టీ కూడా తాగమన్నారు. ఆర్డరు మాత్రం రాలేదు. అప్పట్నుంచి కాగితం ప్రింట్ తీశాక పార్టీ పేరు ఎన్నిచోట్ల ఉందో పెన్సిల్‌తో సున్నాలు చుట్టి చూసుకునేవాణ్ని. మీరూ చూసుకోండి, కంప్యూటర్ తెర మీద ఇది కంటికి ఆనదు.

4. బట్టలు

ఉతికి ఇస్త్రీ చేసినవి. అంతే. రుషికొండ ఐటీ ఆఫీసులకి కాలర్ ఉన్న టీషర్టు, జీన్స్ నడుస్తాయి. ప్రభుత్వ ఆఫీసులకి, పాతకాలం వ్యాపారస్తుల దగ్గరికి ఫుల్ షర్టు. ఆడవాళ్లు చీరో చుడీదారో ఫార్మల్సో, ఏదైనా మీకు సౌకర్యంగా ఉన్నది. బండి మీద వెళ్తే హెల్మెట్ తీశాక అద్దంలో ఒకసారి చూసుకోండి. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా సంచిలో ఇంకో చొక్కా పెట్టుకుంటే తప్పేం లేదు. సెంటు తక్కువ. ఏసీ గదిలో తలనొప్పి వచ్చేది వాళ్లకి.

ఫ్యాక్టరీకి చెప్పులతో వెళ్తే గేటు దాటనివ్వరు.

5. బయల్దేరడం, ఆలస్యమైతే చెప్పడం

మధురవాడ నుంచి కూర్మన్నపాలెం వైపు ఆఫీసు టైంలో గంటన్నర వేసుకోండి. అచ్యుతాపురం, పరవాడ ఫార్మా సిటీ అయితే ఇంకా ముందే బయల్దేరాలి. గాజువాక దగ్గర లారీలు ఎప్పుడు ఆపేస్తాయో ఎవరూ చెప్పలేరు. ఫ్యాక్టరీ అయితే గేటు పాస్‌కి ఇంకో అరగంట కలుపుకోండి.

పావుగంట ముందు అక్కడికి చేరండి, కానీ లోపలికి ఐదు నిమిషాల ముందే వెళ్లండి. అరగంట ముందే వెళ్లి రిసెప్షన్‌లో కూర్చుంటే వాళ్లకి మీరొక బాధ్యత అవుతారు. పక్క టీ కొట్టు ఉంది కదా.

ఆలస్యం అయ్యేట్టుంటే అసలు టైమ్ చెప్పండి. ఇంకా ఎన్‌ఏడీ దాటకుండా "ఐదు నిమిషాల్లో ఉంటా సార్" అనే అలవాటు మనకి బాగా ఉంది. ఆ మాట నమ్మి ఆయన ఇంకో పని మొదలుపెట్టకుండా మీ కోసం కూర్చుంటారు. "ఇంకో 25 నిమిషాలు పడుతుందండి, అప్పటికి మీకు వీలు కాకపోతే ఇంకో రోజు వస్తాను" అనండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊరంతా చెట్లు కూలి, కరెంటు లేక, ఫోన్లు మూగబోయాయి. పెట్రోల్ బంకుల దగ్గర బారులు. గాలివాన తర్వాత మూడో రోజు మాకు ఒక పార్టీతో మీటింగ్ రాసుకుని ఉంది. ఆ సంగతే మేం మర్చిపోయాం. మధ్యాహ్నం వాళ్ల గుమస్తా సైకిల్ మీద వచ్చాడు, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, చేతిలో చీటీ. "ఈరోజు రాలేం. లైన్లు రాగానే ఫోన్ చేస్తాం. అందరూ క్షేమమా?" అని రాసి ఉంది. మేం ఆ తర్వాత ఆ పార్టీ బిల్లు ఒక్కరోజు కూడా ఆపలేదు.

6. గేటు, రిసెప్షన్

కేంద్ర సంస్థల గేట్ల దగ్గర సీఐఎస్ఎఫ్ (కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం) వాళ్లుంటారు. వాళ్లతో వాదన పెట్టుకోకండి, లోపల ఎంత పెద్దాయన మీకు తెలిసినా సరే. మీరు వస్తున్నట్టు లోపలివాళ్ల చేత ముందు రోజే పాస్ పెట్టించుకోండి. ల్యాప్‌టాప్ సీరియల్ నంబరు ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే రిజిస్టర్ దగ్గర బోర్లా తిప్పి వెతుక్కునే పని ఉండదు. రిఫైనరీలాంటి చోట లైటర్, అగ్గిపెట్టె జేబులో ఉండకూడదు. డాక్‌యార్డ్, పోర్టు పరిసరాల్లో ఫోటోలు, సెల్ఫీలు వద్దు. ఇది మర్యాద దాటి కేసు దాకా వెళ్లే విషయం.

రిజిస్టర్‌లో పేరు, ఫోన్ నంబరు అర్థమయ్యేలా రాయండి. రిసెప్షన్‌లో "నమస్తే అండి, నా పేరు ఫలానా, శ్రీనివాసరావు గారితో 11 గంటలకి అనుకున్నాం" అని చెప్పి కూర్చోండి. అక్కడ స్పీకర్ పెట్టి వీడియోలు చూడకండి. ఫోన్ వస్తే బయటికి వెళ్లి మాట్లాడండి.

ఎంతసేపు ఆగాలి? నా లెక్క అరగంట. ఆ తర్వాత రిసెప్షన్‌లో ఒకసారి మెల్లిగా గుర్తుచేయండి. గంట దాటితే "ఈరోజు సార్‌కి వీలు కానట్టుంది, రేపు ఫోన్ చేసి వస్తానని చెప్పండి" అని నవ్వుతూ లేచి రండి. సణుక్కోవద్దు, అక్కడే పాతుకుపోయి కూర్చోవద్దు.

7. లోపలికి వెళ్లాక

తలుపు తట్టి, "రావచ్చా అండి?" అని, "రండి" అన్నాకే లోపలికి. "కూర్చోండి" అనేదాకా ఆగండి. ఆయన ఫోన్‌లో ఉండి చెయ్యి చూపిస్తే కూర్చుని వేరే వైపు చూడండి, వాళ్ల బల్ల మీద కాగితాలు చదవకండి.

నమస్కారం ఎక్కడైనా సరిపోతుంది. అవతలివాళ్లు చెయ్యి చాస్తే కలపండి. ఆడవాళ్లకి మీ అంతట మీరు చెయ్యి చాచొద్దు, వాళ్లు చాస్తే మామూలుగా కలపండి. కార్డు, కాగితం, చెక్కు ఏదైనా కుడిచేత్తోనే. తీసుకున్న కార్డు చూడకుండా జేబులో వేయకండి. ఒక్క క్షణం చదివి, మీటింగ్ అయ్యేదాకా ముందు పెట్టుకోండి. పేరు మర్చిపోయినప్పుడు అదే కాపాడుతుంది.

ఫోన్ సైలెంట్‌లో పెట్టి జేబులో వేయండి. బల్ల మీద బోర్లా పెట్టినా వణికితే అందరి చూపూ దాని మీదకే పోతుంది. ఇంట్లో ఎవరికైనా బాగోక తప్పనిసరి ఫోన్ రావాల్సి ఉంటే, కూర్చోగానే ముందే చెప్పేయండి.

8. టీ

"టీ తాగుతారా?" అంటే మొహమాటానికి మొదటిసారి వద్దని, రెండోసారి అడిగితే సరేననే అలవాటు మనది. బంధువుల ఇంట్లో బావుంటుంది. ఆఫీసులో ఒకేసారి చెప్పేయండి. తాగేట్టయితే "తాగుతానండి, పంచదార లేకుండా" అని అప్పుడే చెప్పండి. వచ్చాక చెబితే ఆ మనిషి మళ్లీ వెళ్లాలి. వద్దనుకుంటే "మంచినీళ్లు చాలండి". కప్పు తెచ్చిన మనిషికి థాంక్స్ చెప్పండి, కాగితాలు పక్కకి జరపండి. ఫైలు మీద కప్పు పెట్టొద్దు.

భోజనానికి మీరు పిలిస్తే బిల్లు మీది. శనివారం, కార్తీకమాసం లాంటి రోజుల్లో నీచు తిననివాళ్లు చాలామంది. హోటల్ ఖాయం చేసే ముందే అడగండి.

9. మాట

ముందు రెండు మాటలు క్షేమం, వాతావరణం. తర్వాత పని. పావుగంట అడిగితే పావుగంటలో ముగించండి. ఆయనే పొడిగిస్తే వేరే సంగతి.

అన్నిటికీ "అయిపోద్ది సార్" అనకండి. ఎనిమిది రోజులు పట్టేదాన్ని ఐదు రోజులని చెప్పి ఆర్డరు తెచ్చుకున్నవాడు, ఆరో రోజు నుంచి ఫోన్ ఎత్తడం మానేస్తాడు. "ఐదు రోజుల్లో అవ్వదండి. ఎనిమిది పడుతుంది. కావాలంటే సగం ఐదో రోజుకి ఇస్తాను" అనండి. నాకు తెలిసి ఇలా చెప్పినందుకు ఎవరూ ఆర్డరు పోగొట్టుకోలేదు. ఒకవేళ పోయినా, అది ఎలాగూ గొడవలో తేలేదే.

తెలియనిది అడిగితే "కనుక్కుని రేపు 12లోపు చెబుతాను" అని వాళ్ల ముందే రాసుకోండి. మీ పోటీదారు గురించి చెడుగా అడిగినా చెప్పకండి. ఇవాళ వాళ్ల గురించి చెప్పినవాడు రేపు మా గురించీ చెబుతాడు అనుకుంటారు.

అవతలివాళ్ల మాటలకి అర్థం కూడా తెలిసి ఉండాలి. మనవాళ్లు మొహం మీద "వద్దు" అనరు. "చూద్దాం" అంటే ఇప్పటికి లేదని. "పైవాళ్లని అడగాలి" అంటే నిజంగానే అడగాలేమో, "ఎవరిని కలిస్తే బావుంటుందండి?" అని అడగండి. "అప్పుడప్పుడు కనబడుతుండండి" అంటే పని లేదు గానీ మీ మీద కోపమూ లేదు. "కొటేషన్ మెయిల్ చేయండి, ఫలానా ఆవిడకి కాపీ పెట్టండి" అంటే మాత్రం పని కదిలినట్టే.

10. లేవడం

ఆయన గడియారం చూసినా, కాగితాలు సర్దినా, "ఇంకేంటండి" అన్నా టైమ్ అయిపోయింది. అనుకున్నది ఒక్క వాక్యంలో చెప్పి, "వెళ్లొస్తానండి" అని లేవండి. కుర్చీ జరిపిన చోటికి తోసేయండి. రిసెప్షన్‌లో, గేటు దగ్గర కూడా ఒక మాట చెప్పండి. పాస్ మీద సంతకం పెట్టించుకోవడం మర్చిపోతే గేటు నుంచి మళ్లీ వెనక్కి రావాలి.

11. ఆ సాయంత్రమే మెసేజ్

"శ్రీనివాసరావు గారు, ఈరోజు టైమ్ ఇచ్చినందుకు థాంక్సండి. అనుకున్నవి: షట్టర్లు నాలుగు, కొలతలకి శుక్రవారం మా మనిషి వస్తాడు, సోమవారం కొటేషన్. ఏదైనా పొరపాటుగా రాసి ఉంటే చెప్పండి."

మూడు వాక్యాలు దాటొద్దు. వాయిస్ మెసేజ్ పంపకండి, మళ్లీ చూసుకోవాలంటే మొత్తం వినాలి. రెండు నెలల తర్వాత "అలా అనుకోలేదే" అన్న మాట వచ్చినప్పుడు ఈ మెసేజే మిమ్మల్ని కాపాడుతుంది.

12. డబ్బులు అడగడం

అందరూ నన్ను గొంతు తగ్గించి అడిగేది ఇదే. "బిల్లు పెట్టి రెండు నెలలైంది సార్, అడిగితే ఏమనుకుంటారో." మీ పని అయింది, మీ డబ్బు మీరు అడుగుతున్నారు. ఎలా అడుగుతారన్నదే చూసుకోవాలి.

ముందు మీ బిల్లులో తప్పు లేదని చూడండి. చాలా బిల్లులు కోపం వల్ల ఆగవు, జీఎస్టీ నంబరులో ఒక అంకె తేడా వల్ల ఆగుతాయి. అది 15 అక్షరాలు, అంకెలు. ఆంధ్రాలో తీసుకున్నదైతే 37తో మొదలవుతుంది. పర్చేజ్ ఆర్డర్ నంబరు, డెలివరీ చలానా మీద వాళ్ల సంతకం ఉన్నాయా చూడండి.

గడువుకి రెండు రోజుల ముందు: "నమస్తే అండి. మా బిల్లు ఫలానా నంబరు, ఫలానా తేదీది, ఈ గురువారానికి డ్యూ. మా వైపు నుంచి ఇంకేమైనా కాగితాలు కావాలా?" ఈ ప్రశ్న రూపం బాగా పనిచేస్తుంది. ఆగిందంటే కారణం అప్పుడే బయటపడుతుంది.

గడువు దాటితే అకౌంట్స్ వాళ్లకి ఫోన్ చేయండి, ఆర్డరు ఇచ్చిన మేనేజర్‌కి కాదు. వారానికోసారి, ఒకే రోజు, ఒకే టైమ్. "ఏ తేదీకి అనుకోమంటారండి?" అని తేదీ అడిగి రాసుకోండి. "పిల్లల ఫీజులండి, పండగ అండి" అని మొదలుపెడితే మీ డబ్బు మీరు అడుక్కున్నట్టవుతుంది.

మీది ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకి కేంద్ర ప్రభుత్వ నమోదు) ఉన్న చిన్న పరిశ్రమ అయితే, చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం అగ్రిమెంట్‌లో ఏం రాసుకున్నా సరుకు ఒప్పుకున్నాక 45 రోజులు దాటకుండా చెల్లించాలి. రాతపూర్వకంగా ఏమీ లేకపోతే 15 రోజులే. ఈ మాట మొదటి ఫోన్‌లోనే తీయకండి, బెదిరించినట్టుంటుంది. బిల్లు కింద ఉద్యం నంబరు వేసి ఊరుకోండి. తెలిసినవాళ్లకి అది చాలు.

దీపావళికి స్వీట్ డబ్బా, జనవరిలో డైరీ ఇవ్వొచ్చా? ప్రైవేటు ఆఫీసులో అందరి ముందు, అందరికీ కలిపి ఇస్తే పర్వాలేదు. ప్రభుత్వ ఉద్యోగికి పని ఫైలు నడుస్తుండగా ఏదీ ఇవ్వకండి, ఇంటికి అసలే పంపకండి. 2018లో అవినీతి నిరోధక చట్టం మార్చాక లంచం ఇచ్చినవాడు కూడా నేరస్తుడే.

తరచూ చేసే పొరపాట్లు ఇంకొన్ని

ఆఫీసు గ్రూపులో ఒకరి తప్పు అందరి ముందూ ఎత్తిచూపడం. విడిగా చెప్పండి.

మెయిల్‌లో అవసరం లేకపోయినా వాళ్ల పైవాళ్లకి కాపీ పెట్టడం. ఫిర్యాదు చేసినట్టే అనుకుంటారు.

అడక్కుండా పెళ్లైందా, పిల్లలెంతమంది, జీతమెంత అని అడగడం. ముఖ్యంగా ఆడవాళ్లని. రూపం మీద పొగడ్తలు కూడా వద్దు. అవతలివైపు నుంచి మీకు అలాంటిది ఎదురైతే సర్దుకుపోనక్కర్లేదు. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి. బయటి నుంచి పని మీద వచ్చినావిడ కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు.

పొరపాటు చేశాక పది కారణాలు చెప్పడం. "తప్పైందండి, రేపు మధ్యాహ్నానికి సరిచేసి పంపుతా" చాలు. మధ్యాహ్నానికి పంపండి మరి.

సరిగ్గా చేశారో లేదో చూసుకోవడం

బయటికి వచ్చి బండి తీసే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. నేను కలిసినవాళ్లందరి పేర్లూ ఇప్పుడు రాయగలనా? తర్వాత ఎవరు, ఏ తేదీకి, ఏం చేయాలో తెలుసా? నేను ఎక్కువ మాట్లాడానా, ఆయనా? మూడోదానికి జవాబు "నేనే" అయితే ఈసారి తగ్గించండి.

మొదటి రెండు మూడు సార్లకి ఆఫీసులో ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టి మొదటి రెండు నిమిషాలు రిహార్సల్ చేయండి. ఫోన్‌లో రికార్డు చేసి వింటే "యాక్చువల్‌గా" ఎన్నిసార్లు అన్నారో తెలుస్తుంది. నాది ఒకసారి మా అమ్మాయి లెక్కపెట్టింది, రెండు నిమిషాల్లో పదకొండు.

నెల తర్వాత చూడాల్సినవి వేరు. మీ మెసేజ్‌కి జవాబు ఎంతసేపట్లో వస్తోంది? అకౌంట్స్‌లో మీ గొంతు గుర్తుపడుతున్నారా? రెండోసారి వెళ్లినప్పుడు గేటు దగ్గర ఆయన "ఆ, మొన్న వచ్చారు కదండీ" అన్నారా? వాళ్లకి మీ లైన్ కాని పని పడినా "ఎవరైనా తెలుసా అండి?" అని మీకు ఫోన్ వచ్చిందా? వస్తే తెలిసినవాళ్ల నంబరు ఇవ్వండి. ఇచ్చే ముందు వాళ్లని అడగండి.